ముగ్గురు కృష్ణులు, ఇరవైమంది క్రీస్తులు

పెనుగొండలో పెరిగిన పిల్లలకు విషాదాంత నాటకం అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊరి కథే అలాంటిది. కుసుమశ్రేష్ఠి కూతురు వాసవి. రాజమహేంద్రవరం ఏలే విష్ణువర్ధనుడు ఆ పిల్లను చూసి, నాకిచ్చి పెళ్లి చెయ్యమన్నాడు. అడిగినవాడు రాజు. ఇవ్వడమా మానడమా అని 714 గోత్రాలవాళ్లు సభ చేస్తే, 102 గోత్రాలవాళ్లు మాత్రం తండ్రి పక్కన నిలబడ్డారు. మిగిలినవాళ్లు రాజుతో పేచీ మనకెందుకన్నారు. చివరికి గుండాలు వెలిగాయి. వాసవి నిప్పుల్లోకి నడిచింది, ఆ 102 గోత్రాల దంపతులూ ఆమె వెంట నడిచారు. మా నాయనమ్మ ఈ కథ చెబుతూ సభ దగ్గరకు వచ్చేసరికి గొంతు పెంచేది. “అంతమందీ ఎలా జారుకున్నారో చూడు!” అనేది, అదేదో నిన్న సాయంత్రం ఎదురింటి అరుగు మీద జరిగినట్టు.

నాటకానికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. అధికారం ఉంది, దానికి ఎదురు చెప్పిన ఆడపిల్ల ఉంది, నలిగిపోయే తండ్రి ఉన్నాడు, రెండుగా చీలిన సభ ఉంది. అయినా మా ఊళ్లో దీన్ని ఎవరూ నాటకం అనరు. అమ్మవారి చరిత్ర అంటారు. మాఘ శుద్ధ విదియనాడు ఆత్మార్పణ దినం జరుపుతారు, వైశాఖ శుద్ధ దశమినాడు జయంతి జరుపుతారు. 90 అడుగుల విగ్రహం ముందు నిలబడి దండం పెట్టుకునేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నాటకానికీ అమ్మవారి చరిత్రకీ మధ్య ఉన్న గీత ఎక్కడుందో నాకు పట్టింపు వచ్చింది మాత్రం ఇంగ్లండులో, యార్క్ నగరంలో, నాటకాల మీద ఎం.ఏ. చదువుతున్న రోజుల్లో.

మా వైపు ఇంగ్లీషువాడంటే మొదట గుర్తొచ్చేది కాటన్ దొర. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి డెల్టాకు కూడు పెట్టినవాడు. ఊరూరా విగ్రహాలు, పుష్కరాల్లో ఆయన పేర తర్పణాలు. ఆ లెక్కన ఇంగ్లండులో అడుగుపెట్టినదాన్ని, నా తోటి విద్యార్థుల్లో ఆ పేరు విన్నవాళ్లే లేకపోవడం చూసి తెల్లబోయాను. వాళ్లు తలుచుకునే పూర్వీకులు వేరు. ఊళ్లు కట్టినవాళ్ల కంటే నాటకాలు రాసినవాళ్ల పేర్లు వాళ్ల నోట తేలిగ్గా ఆడతాయి. షేక్‌స్పియర్ చదవనివాడు కూడా ఆయన మాటల్ని సామెతల్లా వాడేస్తుంటాడు.

క్లాసు పద్ధతి అలవాటు కావడానికి కొంత కాలం పట్టింది. ప్రొఫెసరుగారిని పేరు పెట్టి పిలవాలి. నేను చాలాకాలం ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొచ్చాను. ఆవిడ పాఠం చెప్పేవారు కాదు, అడిగేవారు. చుట్టూ కూర్చున్నవాళ్లం ఒకరి మాట మీద ఒకరం విరుచుకుపడేవాళ్లం. గంట అయ్యాక అందరం కలిసి టీకి వెళ్లేవాళ్లం, క్లాసులో నా మాట తీసిపారేసినవాడే కప్పు తెచ్చి చేతికిచ్చేవాడు. ఏ పాత్ర దగ్గరకు వచ్చినా ముందుగా పడే ప్రశ్న ఒకటే: ఈ మనిషికి ఏం కావాలి?

ఒకనాడు షేక్‌స్పియర్ ‘మెజర్ ఫర్ మెజర్’ చదువుతున్నాం. 1604 డిసెంబరు 26న రాజు కొలువులో ఆడిన నాటకం. వియన్నా ప్రభువు ఊరు విడిచి వెళ్తున్నట్టు నటించడంతో పాలన ఏంజెలో చేతికి వస్తుంది. మరణశిక్ష పడిన క్లాడియోను వదిలెయ్యమని బతిమాలడానికి అతని తోబుట్టువు ఇసబెల్లా వస్తుంది. సన్యాసినుల మఠంలో చేరబోతున్న పిల్ల. ఏంజెలో ఆమెనే కోరతాడు. తనకు లొంగితే క్లాడియో ప్రాణం దక్కుతుందంటాడు. కాదంటుంది. క్లాడియో మొదట శభాష్ అంటాడు, కాసేపటికి చావు భయం పట్టుకుని, ఒప్పుకోవే అని ఆమె కాళ్లావేళ్లా పడతాడు. మా సభలోంచి జారుకున్న 612 గోత్రాలవాళ్లూ నాకు ఆ ఒక్కడిలో కనిపించారు. ఉండబట్టలేక క్లాసులో వాసవి కథ చెప్పాను. అందరూ విన్నారు. ఒకమ్మాయి, ఎంతో మర్యాదగా, అక్కడ ఎవరినైనా అడిగే ప్రశ్నే అడిగింది: “ఆ అమ్మాయికి ఏం కావాలి?”

నాకు జవాబు తోచలేదు. అమ్మవారికి ఏం కావాలని ఎవరైనా అడుగుతారా? ఆవిడ పార్వతీదేవి అంశ. ఎందుకు పుట్టిందో, ఎలా వెళ్లిపోవాలో ఆవిడకు ముందే తెలుసు. జరిగిందే ఆవిడకు కావలసింది. కానీ ఆ జవాబు చెబితే కథలోని పిల్ల మాయమైపోతుంది, దేవత మిగులుతుంది. అమ్మవారికి అన్నీ తెలుసు, ఆడపిల్లకు తెలియవు. నాటకం ఉండేది ఆ తెలియనితనంలోనే. ఈ ముడి విప్పుకోవడానికి నాకు దారి చూపినవి షేక్‌స్పియర్ నాటకాలు కావు. వాటికి రెండు వందల ఏళ్లు ముందునుంచీ యార్క్ వీధుల్లో ఆడినవి. ఆ దారిలోకి వచ్చే ముందు అక్కడి నాటకశాల సంగతి కొంత చెప్పాలి.

దీపాలు ఆరగానే హాలంతా ఊపిరి బిగబడుతుంది. నటుడు ఎంత గొప్పగా చెప్పినా మధ్యలో చప్పట్లు పడవు. విరామంలో చిన్న డబ్బాల్లో ఐస్‌క్రీం తింటారు, గంట మోగగానే బుద్ధిగా వచ్చి కూర్చుంటారు, దాచుకున్న చప్పట్లన్నీ చివర్లో ఒక్కసారే కుమ్మరిస్తారు. మా తీర్థాల్లో రాయబారం చూసినదానికి ఇదంతా సంతాపసభలా ఉండేది. తిరుపతి వేంకటకవుల పద్యం ఎత్తుకుని నటుడు రాగం తీస్తుంటే, హార్మోనిస్టు దాన్ని ఇంకో మెట్టు ఎక్కిస్తుంటే, మనవాళ్లు ఊరుకుంటారా? వన్స్‌మోర్ అంటారు. నోటుకు పిన్నీసు గుచ్చి కృష్ణుడి పీతాంబరానికి తగిలిస్తారు. పడక సీనులో కృష్ణుడు కళ్లు తెరిచేదాకా ఓపికపట్టి, తెరిచాక తెల్లవార్లూ మూయనివ్వరు.

తేడా మర్యాదల్లోనే లేదు. అక్కడ రాసిన మాట కదలదు, మిగతావన్నీ కదులుతాయి. హామ్లెట్ సూటు వేసుకుని రావచ్చు, సెల్‌ఫోను పట్టుకోవచ్చు, ఆడమనిషి కావచ్చు. 1623 నాటి షేక్‌స్పియర్ సంపుటంలోని మాట మాత్రం నటుడి నోట ఉన్నదున్నట్టు పలకాలి. మన దగ్గర కిరీటం కదలదు. కృష్ణుడికి పించం ఉండాల్సిందే, దుర్యోధనుడికి గద ఉండాల్సిందే. పద్యం ఎంతసేపు సాగాలి, నడుమ ఏ మాట చేర్చాలి అన్నది ఆ రాత్రి జనం చేతిలో ఉంటుంది. మనిషి మారినా ఫరవాలేదు. కాంట్రాక్టు నాటకాల గోడపత్రికల మీద ‘ముగ్గురు కృష్ణులు’ అని పెద్దక్షరాలతో వేసేవాళ్లు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఒకడు, యుద్ధానికి ఒకడు. నడివయసులో ఉన్న కృష్ణుడు తెర వెనక్కి వెళ్లి కుర్రకృష్ణుడై తిరిగొస్తే ఎవరూ కంగారుపడరు. పీసపాటి నరసింహమూర్తికీ షణ్ముఖి ఆంజనేయరాజుకీ ఉన్న తేడా అందరికీ తెలుసు, ఇద్దరూ కృష్ణుడేనన్నదీ తెలుసు.

ఇంగ్లండులో మాట పట్ల ఈ పట్టుదల కూడా మొదటినుంచీ ఉన్నదేం కాదు. ‘కింగ్ లియర్’ చివర కూతురి శవాన్ని మోసుకొచ్చే ముసలిరాజును చూడలేక, 1681లో నేహమ్ టేట్ అనే కవి కార్డీలియాను బతికించి పెళ్లి చేశాడు. ఆ సుఖాంతమే నూట యాభై ఏళ్ల పైచిలుకు ఇంగ్లీషు రంగస్థలం మీద ఆడింది. 1838లో మాక్రెడీ అనే నటుడు పాత లియర్‌ను తిరిగి నిలబెట్టాడు. శుభం కార్డు పడాల్సిందేనని పట్టుబట్టే ప్రేక్షకుడు మన సొంతం అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు యార్క్ వీధుల్లోకి వద్దాం. 1376 నాటికే ఆ నగరంలో ఏటా కార్పస్ క్రిస్టీ పండుగనాడు బళ్ల మీద నాటకాలు ఆడేవారు. లోకం పుట్టిన దగ్గర నుంచి చివరి తీర్పు దాకా మొత్తం కథ, దాదాపు 48 నాటకాలు. తెల్లవారుజామునే మొదటి బండి కదిలేది. నిర్ణయించిన చోటల్లా ఆగి ఆడి, ఇంకో చోటికి సాగేది, దాని వెనక మరో బండి. ఖర్చు వృత్తి సంఘాలది. ఓడలు కట్టేవాళ్లు నోవా ఓడ కట్టిన కథ ఆడేవారు, జాలర్లూ నావికులూ జలప్రళయం ఆడేవారు, రొట్టెలు చేసేవాళ్లు క్రీస్తు చివరి విందు ఆడేవారు. మేకులూ గుండుసూదులూ చేసేవాళ్ల వంతు శిలువ వెయ్యడం. అన్నిటికన్నా ఆడంబరమైన చివరి తీర్పు, బట్టల వర్తకులది. వాళ్ల సంఘభవనం యార్క్‌లో ఇప్పటికీ ఉంది. ఆ నల్లబడ్డ దూలాల కింద నిలబడి, డబ్బున్న వర్తకులు దేవుడి కథను భుజాన వేసుకోవడం పెనుగొండవాళ్లకు కొత్త కాదని నవ్వుకున్నాను.

నన్ను నిలేసిన సంగతి వేరే ఉంది. ఒక్కో బండికి ఒక్కో బృందం గనక, ఒక్కో బండి మీద ఒక్కో క్రీస్తు. పొద్దున్నించి రాత్రి దాకా వీధిలో నిలబడ్డవాడు ఇరవైమందికి పైగా క్రీస్తులను చూసేవాడు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, ఒకడి గొంతు కీచు. ఇంతమందేమిటని ఎవరూ అడగలేదు. క్లాసులో మిగతావాళ్లకు ఇది వింతగా తోచి, పాత్ర మీద పట్టు ఎలా నిలుస్తుందని తర్జనభర్జన పడుతున్నారు. నాకు వివరించాల్సిన అవసరమే లేకపోయింది. ముగ్గురు కృష్ణులను చూసిన కళ్లకు ఇరవైమంది క్రీస్తులు బరువు కాదు. ప్రేక్షకుడు చూస్తున్నది నటుణ్ణి కాదని తెలిసినచోట నటులు ఎందరైనా కావచ్చు.

ఆ నాటకాలు 1569లో చివరిసారి ఆడాయి. మతం మారింది, కొత్త పెద్దలకు ఈ బళ్లు పాత మతపు అవశేషాలుగా కనిపించాయి. కవెంట్రీలో 1579 దాకా నిలిచాయి. కవెంట్రీకి స్ట్రాట్‌ఫర్డ్ ఇంచుమించు మా ఊరికి నరసాపురమంత దూరం, అప్పటికి షేక్‌స్పియర్‌కు పదిహేనేళ్లు. చూసే ఉంటాడని చాలామంది పండితుల ఊహ. అతిగా నటించేవాళ్లను హామ్లెట్ మందలిస్తూ, ఆ పాత నాటకాల్లో గావుకేకలు పెట్టే హెరోదు రాజు పేరెత్తుతాడు మరి. 1576లో లండన్ శివార్లలో జేమ్స్ బర్బేజ్ టికెట్టు పెట్టి నాటకశాల తెరిచాడు. ఆ చెక్కల మీదకు దేవుడు రాలేదు. రాజులు వచ్చారు, అనుమానపు మొగుళ్లు వచ్చారు, అప్పిచ్చినవాళ్లు వచ్చారు. తర్వాత 1737 నుంచి 1968 దాకా నాటకాలకు లార్డ్ చేంబర్లిన్ అనే కొలువు అధికారి అనుమతి ఉండాలి, క్రీస్తు వేషానికి ఆ అనుమతి దొరికేది కాదు. 1737కు ముందువన్న వెసులుబాటుతో యార్క్ నాటకాలు 1951లో తిరిగి లేచాయి. 1957లో వాటిలో మేరీమాత వేషం కట్టిన యార్క్ అమ్మాయి జూడీ డెంచ్. అదే ఏడు ఇక్కడ ‘మాయాబజార్’ వచ్చింది, ఎన్టీఆర్ ముఖం కృష్ణుడి ముఖమై పూజగదుల్లోకి కూడా చేరింది. వాళ్లు దేవుణ్ణి వేదిక ఎక్కించడానికి చట్టంలో సందు వెతుక్కోవాల్సి వచ్చింది, మనకు దించే ఆలోచనే రాలేదు.

ఈ రెండు తీరుల మధ్య తిరిగినవాళ్లు మన వైపు నాకు ముందే ఉన్నారు. కందుకూరి వీరేశలింగం ఇంగ్లండు వెళ్లలేదు, ఇంగ్లండునే రాజమండ్రికి రప్పించారు. షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ఆయన చేతిలో ‘చమత్కార రత్నావళి’ అయింది, షెరిడన్ ‘రైవల్స్’ ‘కల్యాణ కల్పవల్లి’ అయింది. అదే రాజమండ్రిలో చిలకమర్తి నాటకాల్లో ఆడవేషాలు కట్టిన కుర్రాడు టంగుటూరి ప్రకాశం, 1904లో బారిష్టరు చదువుకు ఓడెక్కాడు. రంగస్థలం మీద సానబెట్టిన గొంతు కోర్టుల్లోనూ తుపాకుల ముందూ పనికొచ్చింది.

అందరిలోకీ నాకు దగ్గరగా అనిపించినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చీరాల–పేరాల ఉద్యమనాయకుడిగానే మనకు తెలిసిన ఆంధ్రరత్న, అంతకుముందు ఎడింబరోలో ఎం.ఏ. విద్యార్థి. ఇంగ్లీషు నాటకరంగాన్ని తలకిందులు చెయ్యాలని చూస్తున్న గోర్డన్ క్రెయిగ్ ఆ రోజుల్లో భారతీయ అభినయం గురించి తెలియజెప్పమని ఆనంద కుమారస్వామికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నాడు. నటుడు తన సొంత ఉద్రేకాలను వేదిక మీద పారబోయడం క్రెయిగ్‌కు గిట్టదు. మరబొమ్మలా, ప్రతి కదలికా లెక్కకు లోబడే నటుడు కావాలి అతనికి. కుమారస్వామి, దుగ్గిరాల కలిసి నందికేశ్వరుడి ‘అభినయదర్పణం’ ఇంగ్లీషులోకి తెచ్చారు, 1917లో హార్వర్డ్ అచ్చువేసింది. పుస్తకం ముందుమాట క్రెయిగ్ ప్రస్తావనతోనే మొదలవుతుంది. బ్రిటన్‌కు చదువుకోవడానికి వెళ్లిన తెలుగువాడు అక్కడివాళ్లకు తిరిగి పాఠం చెప్పిన సందర్భం ఇది. తిరిగొచ్చాక ఆయన దొరల నాటకాలు పట్టుకు తిరగలేదు. తోలుబొమ్మలాట వంటి పల్లె కళలను వెతుక్కుంటూ వెళ్లాడు. రెండూ తెలిసినవాడు ఎంచుకోవడం వేరు, ఒకటే తెలిసినవాడు గర్వపడడం వేరు.

మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికి. ‘మెజర్ ఫర్ మెజర్’ చివర ఇంకో మలుపుంది. అన్నీ సర్దుకున్నాక ప్రభువే ఇసబెల్లాను పెళ్లాడతానంటాడు. ఆమె నోట షేక్‌స్పియర్ ఒక్క మాటా పెట్టలేదు. శతాబ్దాలపాటు అది అంగీకారమేనని ఆడుతూ వచ్చారు. 1970లో స్ట్రాట్‌ఫర్డ్‌లో జాన్ బార్టన్ ఇసబెల్లాను వేదిక మీద ఒంటరిగా, జవాబు చెప్పకుండా నిలబెట్టాడు. మాట ఒక్కటీ మార్చకుండా నాటకం మొత్తం మార్చేశాడు. అలా చెయ్యగలగడానికి కారణం ఉంది. ఇసబెల్లాకు గుడి లేదు, ఆమె పేర ఎవరూ ఉపవాసం ఉండరు. వాసవి విషయంలో అంత చనువు మనకు కుదురుతుందా?

ఒకాయనకు కుదిరింది. 1912లో గురజాడ ‘కన్యక’ అనే కవిత రాశారు. ఊరి పేరు చెప్పలేదు, అమ్మవారి పేరూ చెప్పలేదు. శెట్టి కూతురు, కన్నేసిన రాజు, గుండం. కన్యక నిప్పులో దూకే ముందు ఊరివాళ్లకు గట్టిగా నాలుగు మాటలు చెబుతుంది. మహిమలు పక్కకు తప్పుకున్నాయి, రాజు దౌర్జన్యం వెలుగులోకి వచ్చింది. బార్టన్ కంటే 58 ఏళ్లు ముందే, విజయనగరంలో కూర్చుని. కానీ గురజాడ కూడా దేవతను తీసేశాకే పిల్లను చూపగలిగారు. ఇద్దరినీ ఒకేచోట ఉంచి చూపడం సాధ్యమా అన్నదే నా బెంగ.

సాధ్యమేనని యార్క్ బండి చెప్పింది. శిలువకు ముందు రాత్రి తోటలో క్రీస్తు వణుకుతాడు. ఈ బాధ తప్పించమని తండ్రిని ప్రార్థిస్తాడు. బండి చుట్టూ నిలబడ్డ జనం ఆయన్ని దేవుడని నమ్మినవాళ్లే. ఆ నమ్మకంతోనే ఆయన భయాన్ని చూశారు, చూసినందుకు నమ్మకం తరిగిపోలేదు. అన్నీ తెలిసినవాడికి భయం ఎందుకని తర్కించలేదు. ఆ నాటకం చూశాక నాయనమ్మకు ఫోను చేసి, గుండం ముందు వాసవమ్మకు భయం వెయ్యలేదా అని అడిగాను. తిడుతుందేమోనని బెదురుతూనే అడిగాను. “వెయ్యకేమే? పెళ్లీడు పిల్ల, నిప్పుల్లో నడవమంటే వెయ్యదూ?” అంది. “భయం వేసీ నడిచింది గనకే దండం పెడుతున్నాం. భయమే లేనిదానికి నడక ఒక లెక్కా?”

యార్క్‌లో మేమంతా తలలు బద్దలు కొట్టుకున్న సిద్ధాంతం అది. మనలో భక్తులకు ప్రశ్నలు పడవని, ప్రశ్నించేవాళ్లకు భక్తి ఉండదని ఒక మాట చలామణీలో ఉంది. చదువుకున్నవాళ్లం ఆ మాటను మరీ తేలిగ్గా నమ్మేశాం. పురాణపాత్రను ఎవరైనా కొత్తగా రాస్తే మనోభావాలంటూ లేచేవాళ్లు ఒకవైపు, గుడికి వెళ్లేవాళ్లకు నాటకం అర్థం కాదని పెదవి విరిచేవాళ్లు ఒకవైపు. ఇద్దరూ ప్రేక్షకుణ్ణి తక్కువగానే అంచనా వేస్తున్నారు. కృష్ణుడు మూడుసార్లు మారినా కృష్ణుణ్ణి పోగొట్టుకోని ప్రేక్షకుడు, వాసవి ఒక రాత్రి భయపడితే అమ్మవారిని పోగొట్టుకుంటాడా?

పెనుగొండలో ఆ నాటకం పడాలని నాకుంది. గుండాలకు ముందు రాత్రి ఒక్కటే. మహిమలను తీసెయ్యనక్కర్లేదు, అవి తెల్లవారాక వస్తాయి. ఆ రాత్రి మాత్రం తండ్రి ఆలోచించాలి, జారుకున్న 612 గోత్రాల్లో ఒకడు తలుపు తట్టి తన భయం తాను చెప్పుకోవాలి, ఆ పిల్ల తనకు ఏం కావాలో ఒక్కసారి తన నోటితో చెప్పాలి. పద్యాలుండాలి, వన్స్‌మోర్‌లు ఉండాలి, కావాలంటే ముగ్గురు వాసవులుండాలి. ఎవరైనా వచ్చి ఇలా అడగడం తప్పంటే చెప్పడానికి మా ఊళ్లో జవాబుంది. సింహాసనం మీద కూర్చున్నవాడు అడిగితేనే కాదన్న పిల్ల ఆవిడ. కింద కూర్చున్న మనబోటివాళ్లు గౌరవంగా ఒక ప్రశ్న అడిగితే చిన్నబోయే మనిషి కాదు.